నీలం సుద్దగీత

సావో పాలోలో ఆదివారం.
పదిమందిమి నడుం వంచి నడుస్తున్నాం,
కింద పైపులో పూడ్చిన వాగుని
తారు రోడ్డు మీద
నీలం సుద్దతో గీసుకుంటూ.

మ్యాన్‌హోల్ మూతకి చెవి ఆనించి
కాయిక్ అరిచాడు:
"ఉంది! గొణుగుతోంది!"

"నా గుమ్మంలో ఈ పిచ్చిగీతలేంటి?"
అంది టైర్లకొట్టు జుల్మీరా.
గీత ఆమె కొట్టులోకే దూరింది.

ముప్పై ఏళ్లుగా ఆ గోడ
ఎందుకు చెమ్మగిల్లుతోందో
ఏ మేస్త్రీ చెప్పలేదు.
వాడేసిన ఆయిలు
ఏ బొక్కలో పోస్తోందో
మేమూ అడగలేదు.

ఆమె నేలకేసి చూసింది.
సుద్దముక్క లాక్కుని
బల్ల కింద మిగతాది తనే గీసింది.

సాయంత్రం వాన.
మా గీత కరిగి, నీలంగా,
మేం గీసిన దారినే పోయింది,
ఒక్క బేకరీ మలుపులో తప్ప.

అక్కడ మాకు పల్లం తెలియలేదు.