రెండో కిటికీ

బ్లైన్‌గారెగ్ శాఖ చరిత్ర రాసిమ్మని
మూసే ముందు పై ఆఫీసువాళ్ళు అడిగారు.
ఒక్క పేజీ చాలన్నారు. ఫోటో ఉంటే మరీ మంచిదన్నారు.
నేను నేలని చూపించాను.

పలకరాయి నేల.
కొండ కడుపులోంచి మా తాతలు చీల్చి తెచ్చింది.
మొదటి కిటికీ ముందు ఇవాళ్టికీ సమంగా ఉంది,
అక్కడ ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు.
రెండో కిటికీ ముందు గుంట పడింది,
దోసిలంత.
అక్కడ మా వెల్ష్ మాట్లాడేవాళ్ళు.
అంతే చరిత్ర. మిగతాదంతా వివరం.

వివరమే కావాలంటే:
శనివారాలు గని కూలి ముట్టేది.
నోట్లకి తడి ఉన్ని వాసన, నాణేలకి రాతిపొడి.
లెక్కపెట్టీ లెక్కపెట్టీ సాయంత్రానికి
గుమాస్తాలు కూడా గనివాళ్ళలాగే దగ్గేవారట.
ఇది మా అమ్మమ్మ మాట,
ఆవిడకి కాస్త కలిపి చెప్పడం అలవాటు.

ఆ తర్వాత సమ్మె. పదిహేను నెలలు.
మొదట బంగాళాదుంపలకని డబ్బు తీశారు,
తర్వాత పిల్లల బూట్లకి,
రెండో చలికాలంలో ఒక శవపేటికకి.
నిల్వ సున్నా అయితే ఖాతా మూసెయ్యాలి, అది రూలు.
పేరు మీద ఎర్రసిరాతో అడ్డగీత.

రెండో కిటికీ వెనక ఇద్వల్ ప్రోథెరో,
పెళ్ళికానివాడు,
ఆదివారాలు చాపెల్లో బొంగురు గొంతుతో పాడేవాడు.
గీత కొట్టడానికి చెయ్యి రాలేదు అతనికి.
ఒక్కో ఖాతాలో ఒక్కో పెన్నీ జమ రాశాడు,
సొంత జేబులోంచి.
అరవైమూడు ఖాతాలు.

చెస్టర్ నుంచి తనిఖీ అధికారి దిగాడు, గొడుగుతో.
లెక్క సరిపోయింది.
సరిపోవడమే ఆయనకి నచ్చలేదు.
"ఈ పెన్నీలు ఎవరు కట్టారు?"
"ఖాతాదారులే సార్."
"అందరూ ఒకే రోజా?"
"ఆ రోజు వాన లేదు సార్."

ఇద్వల్‌ని సముద్రం పక్క ఊరికి బదిలీ చేశారు.
అక్కడ రెండో కిటికీ లేదు.

పెన్నీలు మాత్రం మిగిలాయి.
వడ్డీ కట్టాలంటే పెన్నీని పిండి చెయ్యాలి,
ఎవరూ చెయ్యలేదు.
దస్తూరీలు మారుతూ, లెడ్జర్ నుంచి లెడ్జర్‌కి
"వెనకటి నిల్వ: ఒక పెన్నీ."
ఆ పేర్లవాళ్ళు దక్షిణాన బొగ్గులోకి పోయారు,
కొందరు మట్టిలోకి.
కొండ మళ్ళీ మోగింది. యుద్ధాలు వచ్చాయి, వెళ్ళాయి.
మేనేజర్లు వచ్చారు, మీసాలతో, తర్వాత మీసాలు లేకుండా.

నేను రెండో కిటికీలో కూర్చున్న ఏడాదే
దేశం డబ్బు మారింది.
గోడ మీద రంగుల పట్టిక అంటించాం.
మిసెస్ గ్వెన్‌లియన్ మేజోడు నిండా పాత చిల్లర తెచ్చి
"పైసా తగ్గినా ఊరుకోను" అంది,
తగ్గలేదు, మూడుసార్లు లెక్కపెట్టింది.
పాత పెన్నీ కొత్త అరపెన్నీకి కూడా చాలదు.
చాలకపోతే సున్నా రాయమని ఉత్తర్వు.
పందొమ్మిదేళ్ళదాన్ని.
ముందు అరవైమూడు పేర్లు, పక్కన ఎర్రసిరా బుడ్డి.
ఆ సాయంత్రం నేనేం చేశానో
పై ఆఫీసుకి పంపిన పేజీలో లేదు.

గని మూసిన రోజు వరస వీధి మలుపు దాటింది.
అంత పెద్ద చెక్కులు అంతకుముందెప్పుడూ చూడలేదు మేం,
అంత నిశ్శబ్దం కూడా.
తర్వాత గోడలో మిషను పెట్టారు,
అది రెండు భాషల్లోనూ సారీ చెప్పేది.
వారానికి మూడు రోజులన్నారు, రెండన్నారు.
ఇప్పుడు మంగళవారం వ్యాను వస్తుంది,
నలభై నిమిషాలు,
ఇంజను ఆపదు.

భవనం పడవలు అద్దెకిచ్చే కుర్రాడు కొన్నాడు. మంచివాడే.
బల్లలు ఊగుతున్నాయని నేల చదును చేయిస్తుంటే
తలుపు దగ్గర నిలబడి చూశాను.
మేస్త్రీ ఓవిన్ విసుక్కుంటున్నాడు,
అంతటా సరిపోయిన సిమెంటు
ఆ ఒక్కచోటే ఇంకో బకెట్టు తాగిందట.