పరిగెత్తొద్దని అరిచిన రాత్రి

బాణసవాడి రెండో మెయిన్‌లో
కానుగ చెట్టు కింద నా ఇస్త్రీ బండి.
పదహారేళ్ళుగా ఈ వీధి ముడతలన్నీ నాకు తెలుసు.

పొద్దున నాలుగూ ముప్పావుకి
నేను బొగ్గులు రాజేసే వేళకి
పూలమ్మే అశ్వత్థమ్మ కూతురు ఈ దారినే పోయేది.
అది పరుగు కాదు, మనం నడిచే నడకా కాదు.
నడుము ఇటు తిప్పి, మోచేతులు అటు విసిరి,
వెనకాల ఎవరు తరిమినా సరే
పరిగెత్తనని ఒట్టేసుకున్నట్టు.
పాలవాళ్ళు బండ్లు నెమ్మది చేసి మరీ నవ్వేవాళ్ళు.
పేరుకి హంసవేణి, నడక బాతుది, అనేవాళ్ళు.
ఆ మాట మొదట అన్నది నేనే. దాచడం దేనికి.

ఒకనాడు అశ్వత్థమ్మ కవర్లో
నీలం కోటూ, ఒక బనియనూ తెచ్చింది.
బనియను మీద దేశం పేరు.
అక్షరాల మీద పెట్టె పెడితే కరిగి అంటుకుంటాయి.
తిరగేసి, తడిగుడ్డ పరిచి, ఊపిరి బిగబట్టి లాగాను.
పెళ్ళి పట్టుచీరలకి కూడా అంత భయపడలేదు.
రెండింటికీ కలిపి ముప్పై రూపాయలు.
తీసుకున్నాను.

పోటీ మన లెక్కలో రాత్రి పదకొండున్నరకి.
క్రికెట్ ఫైనల్ నాడు ఇదే మలుపులో
గోడంత తెర కట్టారు, ఎవరో బిర్యానీ పంచారు,
తెల్లారి రోడ్డంతా టపాకాయల కాగితం.
ఈ రాత్రి తుంపర.
నా బండి మీది టార్పాలిన్ కింద ఏడుగురం.
ఆటో సయ్యద్ ఫోను, పద్దెనిమిది శాతం చార్జి,
చల్లారిన పెట్టెకి ఆనించి నిలబెట్టాం.

ఇరవై కిలోమీటర్లు. మళ్ళీ మళ్ళీ అదే రోడ్డు.
కెమెరాకి ముందున్న ముగ్గురే కావాలి.
మన పిల్ల ఎప్పుడో ఒకసారి, తెర అంచులో,
అదీ భుజం మాత్రమే.
ఆ భుజానికే పాల బూత్ కుర్రాడు గొంతు చించుకున్నాడు,
"పరిగెత్తక్కా, పరిగెత్తు!"

"నోర్ముయ్‌రా," అంది అశ్వత్థమ్మ.
మల్లెలు కడుతున్న వేళ్ళు ఆగలేదు.
"పరిగెత్తితే బయటికి పంపేస్తారు.
ఒక కాలు ఎప్పుడూ నేల మీదే ఉండాల.
ఇప్పటికే రెండు ఎర్రచీట్లు."

మాకు అరవడం రాదని అప్పుడు తెలిసింది.
ఇన్నేళ్ళూ కొట్టు అన్నాం, దూకు అన్నాం,
చంపెయ్ అని కూడా అన్నాం.
నేల వదలకుండా గెలవమని ఎట్లా అరవాల?

"నడి," అన్నాడు మూలింటి పుట్టస్వామి మేష్టారు,
క్లాసులో ఎవరికో జవాబు అందించినట్టు.
"నడ," అంది వంటపని సెల్వి.
"నడు తల్లీ," అని నా నోట వచ్చింది.
ఒకే మాట, తోక మాత్రం వేరు.
సయ్యద్ రెండుసార్లు చల్ బేటీ అని చూసి
తనూ నడిలోకి వచ్చేశాడు.

పరిగెత్తి పాలు తాగేకంటే
నిలబడి నీళ్ళు తాగమనేవాడు మా నాయన.
పదిహేడో కిలోమీటరు దగ్గర ఆ పిల్ల
బల్ల మీది సీసా అందుకుంది.
పరిగెత్తలేదు. నిలబడలేదు.
సగం తాగి, సగం నెత్తిన పోసుకుని పోయింది.
ఇట్లాంటి మనిషికి మా నాయన దగ్గర సామెత లేదు.

పంతొమ్మిదో కిలోమీటరులో ఫోను చచ్చింది.
నల్లటి అద్దంలో మా ఏడు మొహాలు.
అయినా కాసేపు నడి, నడ, నడు అంటూనే ఉన్నాం,
ఎవరు ముందు ఆపాలో తెలియక.

ఇరవై రెండో స్థానమట.
పేపర్లో ఒక్క లైను, అందులోనూ హంసవాణి అని అచ్చుతప్పు.
అశ్వత్థమ్మ మూరెడు మల్లెలు
నా బండి కొక్కేనికి తగిలించింది.
డబ్బివ్వబోతే తీసుకోలేదు.
ఆ ముప్పై అప్పుడు గుచ్చుకుంది.

రెండు వారాలకి, నాలుగూ ముప్పావుకి,
మళ్ళీ ఆ అడుగుల చప్పుడు.
చప్పట్లు కొడదామంటే చేతిలో విసనకర్ర.
నడు అన్నాను, నాకే సరిగా వినబడలేదు.
ఆమె తల తిప్పలేదు, తిప్పితే లయ చెడుతుందట.
మడమ, వేళ్ళు, మడమ, వేళ్ళు,
తడిసిన కానుగాకుల మీదుగా.