పొడిగొంతు

ప్రార్థన మందిరంలో తాతకి చెప్పారట
తాగుడు పాపం, యోయిక్ పాడటం పాపం అని.
రెంటినీ ఒకే పెట్టెలో దాచాడు తాత.

అందుకే కాబోలు
మా ఇస్సాత్‌కి సీసా మూత తీస్తే గాని
గొంతులో తాత లేవడు.

ఆల్తా బార్లో ఎవడో అన్నాడు:
"సామీవాడివి కదా, తాగడం నీకొకరు నేర్పాలా?"
నవ్వాడు. తాగాడు.
పెట్రోల్ బంకు వెనక మంచులోంచి
వాణ్ణి స్లెడ్జి మీదికి లాగింది నేనే.

జులై. రెయిన్‌డీర్ దూడల చెవులు కోసే రాత్రి.
మునగని సూర్యుడు, దోమలు.
మూడు రోజులైంది తాగక; చెయ్యి వణుకుతోంది.
రెండు గాట్లు, ఒక వంపు, మా ఇంటి గుర్తు
కాస్త వంకరగా పడింది.

దూడని వదిలేస్తూ
ఏదో కూనిరాగం తీశాడు.
తాతదే.

వాడికి తెలీదు.
నేను తాడు చుడుతున్నట్టు
తల వంచుకున్నాను.