మొగం కదిలింది

సుంకేసుల గేట్లు మూడు ఎత్తారని
పాలవాడు చెప్పిన పొద్దున
స్టూడియో షట్టరు సగం తెరిచి, మళ్లీ దించేసి
బండెక్కాను.
నంద్యాల చెక్‌పోస్టు దగ్గర కొత్త లాడ్జికి
పన్నెండు గదులకు పన్నెండు బొమ్మలు కావాలి.
"నీళ్లుండాల, గొడవ ఉండగూడదు"
అన్నాడు ఓనరు.

వీపున సెకండ్‌హ్యాండు కెమెరా.
దాని కడుపులో ఒక యాప్ ఉంది, నీళ్లను నునుపు చేస్తుంది.
నల్లద్దం ఫిల్టరు కొనే స్తోమత లేనివాడి కోసం
ఎవరో పుణ్యాత్ముడు రాసినట్టుంది.
ఒకే చోట అరవై నాలుగు సార్లు కన్ను తెరిచి మూసి
అన్నిటినీ కలిపి, సగటు తీసి
ఒక్క బొమ్మగా చేతిలో పెడుతుంది.
ఆ యాప్ అమ్మిన కొట్టు మూసేశారట.
పొరపాటున రీసెట్ నొక్కితే ఇక ఈ జన్మకి రాదు.
అందుకే కెమెరాని ఎవరి చేతికీ ఇవ్వను,
మా బామ్మర్ది చేతికి అసలే ఇవ్వను.

బ్యారేజీ దిగువన బండల మీద ట్రైపాడ్ నిలబెట్టాను.
ఒక కాలు బిగుసుకోదు, దానికి పురికొస.
రెండు సెకన్ల టైమరు.
వేలు తీసేసి
ఊపిరి కూడా కొంచెం పక్కకి తిరిగి పీల్చాను.

టిక్. టిక్. టిక్.
ఎదురుగా తుంగభద్ర
ఎర్రమట్టి కలుపుకొని బండలకు తల బాదుకుంటోంది.
తెరలో మాత్రం
నురగంతా ఏకిన పత్తి.

మద్దిలేటి పుట్టి వేసుకొని అడ్డంగా వచ్చాడు.
వల వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు.
గట్టుకొచ్చి, "ఏదీ, సూపియ్" అన్నాడు.
తెరని బొటనవేలితో తుడిచి మళ్లీ చూశాడు.
"నేను యాడ పోతినప్పా?"

కదిలేవి మాయమవుతాయి పెద్దాయనా,
అరవై నాలుగింట్లో
నువ్వు ఏ చోటా రెండుసార్లు లేవు.
బండలు చూడు, అట్టే ఉన్నాయి.

"పొద్దున్నుంచి వల ఏసింది నేను,
ఊరికే కూసున్న బండ కనపడతాదా!"

జవాబు రాలేదు నాకు.
పాతబస్తీలో మా స్టూడియో గోడ మీద
తొమ్మిదో సంవత్సరం వరద గీత ఉంది,
రెండుసార్లు సున్నం కొట్టినా పైకి తేలుతుంది.
అప్పుడు నీళ్లు తీశాక ఆల్బమ్‌లు విప్పితే
పేజీకి పేజీ అతుక్కొని
పెళ్లికూతుళ్ల మొగాలు రంగులై సాగి
పసుపు ఎరుపులోకి, ఎరుపు నలుపులోకి.
ఏ యాపూ చేయలేనంత నునుపు.
రెండు రోజులు మూయకుండా ఉంచిన కన్ను అది.
జోహరాపురం నుంచి ఒకామె వచ్చి
ఆ రంగుల్లో ఒక మరక మీద వేలు పెట్టి
"ఇది మా అక్కే" అంది.
ముక్కుపుడక ఉన్న చోటుని బట్టి తెలిసిందట.
ఆ పేజీకి డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు.
తీసుకున్నాను. ఆ నెల అలాంటిది.

ఇదంతా మద్దిలేటికి చెప్పలేదు.
కదలకుండా నిలబడగలవా అన్నాను.
"ఎంతసేపు?"
ముప్పై సెకన్లనుకో.

పుట్టిని రెండు బండల మధ్య ఇరికించాడు.
తెడ్డుని సందులో దోపి పట్టుకున్నాడు.
చొక్కా గుండీలు పెట్టుకొని, తలగుడ్డ సర్దుకొని
ఆధార్ కార్డుకి దిగినట్టు బిగుసుకుపోయాడు.
టిక్. టిక్.

తెడ్డు స్పష్టంగా వచ్చింది.
తాడు ముడి వచ్చింది, గుండీలొచ్చాయి,
పై గుండీ ఊడిన సంగతి కూడా వచ్చింది.
మొగం దగ్గర మాత్రం
గోధుమరంగు పొగ.

మొగం కదిలింది పెద్దాయనా.
"ఈగ వాలె" అన్నాడు.
కాసేపు చూసి,
"పోనీలే, బతికుండానని తెలుస్తాది."

మళ్లీ తీద్దామంటే వినలేదు.
రెండు జెల్లలు కవర్లో వేసి
నా ట్రైపాడ్ కొక్కేనికే తగిలించి పోయాడు.
అవి కొట్టుకుంటుంటే మూడు కాళ్లూ వణికి
తర్వాత తీసిన నాలుగు బొమ్మల్లో
బండలు సైతం రెండేసి అంచులతో ఉన్నాయి.

డిలీట్ నొక్కబోయి
చార్జింగ్ అయిపోతోందని
ఆపేశాను.