పురి

జ్యేష్ఠంలో నన్ను లైను సర్దారుని చేశారు.
నెల్లిమర్ల మిల్లులో, స్పిన్నింగులో
ఇరవై నాలుగు మిషన్లు, ముప్పై ఒక్క మంది,
నా మెడలో ఒక విజిలు.
దాన్ని ఊదే పని లేకుండానే
మొదటి వారం గడిచింది.
నా గొంతు సైరనుకి తమ్ముడని
క్యాంటీన్లో ఎవరో అన్నారట.
మెచ్చుకున్నారనుకున్నాను.

మా అయ్య గోగునార తీసేవాడు,
చంపావతి మడుగులో నడుము దాకా దిగి.
కుళ్ళిన కట్టల వాసన
పెళ్ళిబట్టలేసుకున్నా వదిలేది కాదు.
ఆయన ఎవర్నీ ఒక్క మాట అనగా నేను వినలేదు.
మా తాత కేకలేసేవాడు.
నాకు తాత గొంతొచ్చింది.

ఆషాఢంలో ఒక రాత్రి షిఫ్టు,
ఏడో మిషను బెల్టు తెగింది.
తెగి, తవుడమ్మ మోచేతిని
తొక్క ఒలిచినట్టు రాసుకుపోయింది.
డిస్పెన్సరీ బల్ల మీద కూర్చుని
కట్టు కడుతుంటే పళ్ళు బిగబట్టి అంది.
"రెండ్రోజుల్నుంచీ దాని సప్పుడు తేడాగుంది బావూ.
సెబ్దామనే అనుకున్నాను.
కేకలేస్తావని ఊరుకున్నాను."

ఆ మాట
నార దుమ్ములా ముక్కులో కూర్చుంది.
ఎంత తుమ్మినా పోలేదు.

ఇంటికొచ్చి పైడమ్మకి చెప్పాను.
జాలిపడుతుందనుకున్నాను.
తను గుమ్మం పక్క మేకు మీంచి
మూరెడు నారతాడు తెచ్చి నా జేబులో కుక్కింది.
"కేకేసినప్పుడల్లా ఒక ముడి వెయ్యి.
రాత్రి నానిప్పుతాను."

మొదటి రోజు తాడు చాల్లేదు.

ఇంకొకటి నాకు నేనే పెట్టుకున్నాను.
సైరనుకి పది నిమిషాల ముందెళ్ళి
ఒకటో మిషను నుంచి ఇరవై నాలుగు దాకా
చేతులు వెనక్కి కట్టుకుని నడవడం,
ప్రతి మనిషి దగ్గరా ఆగి
"ఏటైనా ఉందేటి?" అని అడిగి
మనసులో ఏడు దాకా లెక్కపెట్టడం.
ఏడు అంకెలు అంత పొడుగని
లెక్కల మేష్టారు కూడా చెప్పలేదు నాకు.

ఎవరూ ఏమీ అనలేదు.
పద్దెనిమిది రోజులు.
అసిరితల్లి నవ్వు ఆపుకునేది.
గుంపస్వామి మిషను వైపు తిరిగిపోయేవాడు.
కొత్త పూనకం, అమాస దాకానే అని
బాబిన్లు ఎత్తే కుర్రాళ్ళు పందెం కాశారు.
పంతొమ్మిదో రోజు నేను వెళ్ళలేదు,
నిద్రపోయాను, అబద్ధమెందుకు.
ఇరవయ్యో రోజు వెళ్తే
తవుడమ్మ, చేతి మచ్చ ఇంకా ఎర్రగానే,
"నిన్నేటి రాలేదు?" అంది.

ఆ ఒక్క ప్రశ్న కోసమే కాబోలు
అన్నిసార్లు ఏడు లెక్కపెట్టింది.

నార గురించి నాకు తెలిసింది కొంచెం.
పోగు పోగుగా ఉంటే పిల్లాడు తెంపుతాడు.
పురి పడితే బస్తా మోస్తుంది.
పురి ఒక్కసారే పడదు,
చుట్టు మీద చుట్టు, కంటికి ఆనకుండా.
ఎక్కువైతే మెలికపడి అక్కడే పుటుక్కుమంటుంది కూడా.
ఇన్నేళ్ళు చేత్తో తాకుతూ
మనిషికీ అదేనని తట్టలేదు.

సిరిమాను వారంలో జ్వరం తగిలింది.
నాలుగు రోజులు మంచం.
తిరిగి వెళ్ళిన పొద్దున
సైకిలు గోడకానించి తలుపులోంచి చూశాను.
గుంపస్వామి, రెండు చేతులూ వెనక్కి,
పన్నెండో మిషను దగ్గర నిలబడి
పెదాలు కదుపుతున్నాడు.
మూడు. నాలుగు. ఐదు.
నేను లోపలికి పోలేదు.
సైరను మోగేదాకా
టీ బడ్డీ బల్ల మీదే కూర్చున్నాను.
టీ చల్లారిపోయింది.

ఇవాళ తాడు మీద రెండు ముడులు.
ఒకటి స్టోరు గుమాస్తా మీద, పాత బెల్టే మళ్ళీ ఇచ్చినందుకు.
అది వెయ్యాల్సిన కేకే, తప్పని ఒప్పుకోను.
రెండోది మా బుడ్డోడి మీద, చెప్పులు పారేసుకున్నాడని.
ఇల్లు మిల్లు లెక్కలోకి రాదన్నాను.
పైడమ్మ వినలేదు.
గోటితో ముడి విప్పుతూ, తలెత్తకుండా,
"ఏటైనా ఉందేటి?" అంది.

నేను నోరు తెరిచాను.
తను లెక్కపెడుతోంది.