మూడో పీరియడ్‌లో చెవిటి షావుకారు

నాటకం వయసు మూడువందల నలభై ఏళ్ళు.
నా పిల్లల వయసు పదిహేడు.
మధ్యలో నేను, ఒక తెల్లగుడ్డ తెర,
రొప్పుతూ తిరిగే ప్రొజెక్టరు.

షార్లరువా ఊళ్ళో వృత్తివిద్యా బడి మాది.
వెల్డింగు నేర్చేవాళ్ళు, క్షౌరం నేర్చేవాళ్ళు.
సాహిత్యానికి వారానికి రెండే గంటలు,
అదీ మధ్యాహ్నం,
బంగాళాదుంప వేపుళ్ళు తిన్న మత్తు కళ్ళమీదికి వచ్చే వేళ.

కథ చెప్పాను.
ఒక షావుకారు చెవుడు నటిస్తాడు,
తన వెనక ఎవరేమంటున్నారో ఎదురుగానే వినాలని.
కూతురు ప్రేమలేఖ అతని పక్కనే కూర్చుని పైకి చదువుతుంది.
వంటవాడు దొంగలెక్క గట్టిగా కూడుకుంటాడు.
కాబోయే అల్లుడు నడుం వంచి, చిరునవ్వుతో,
"మామగారూ, తమరెప్పుడు పోతారు?" అని కుశలమడుగుతాడు.
షావుకారు తల ఊపాలి. ఊపి, మింగాలి.
హాస్యమంతా ఆ గుటకలోనే ఉంది, అన్నాను.

"అయితే?" అన్నాడు వెనక బెంచీలోంచి ముకెంది.

ఆ "అయితే"కి జవాబు
ఏ శిక్షణలోనూ నేర్పలేదు నాకు.
పాత నలుపు తెలుపు సినిమా వేశాను.
ఏడో నిమిషంలో స్పీకరు గుటుక్కుమంది.
తెరమీద నోళ్ళు ఆడుతున్నాయి, చేపల్లా.
సరే, రాయండి, అన్నాను,
వాళ్ళేమంటున్నారో మీరే రాయండి.

తుల్లియో షావుకారు చేత బస్సు టికెట్టు కోసం పోట్లాడించాడు.
ముకెంది అల్లుడి నోట్లో ఒక లింగాలా తిట్టు పెట్టాడు,
అర్థం మాత్రం చచ్చినా చెప్పనన్నాడు.
క్లాసు పొట్ట పట్టుకుని నవ్వింది.
గుల్దెన్ తల ఎత్తలేదు.
గంట కొట్టాక కూడా రాస్తూనే ఉంది.

ఆమె కాగితం ట్రాములో చదివాను:

"నా నాటకంలో షావుకారు లేడు.
ఇనప రేకుల మిల్లులో ఇరవైరెండేళ్ళు చేసినవాడున్నాడు.
అతనికి నిజంగానే వినపడదు.
వినపడుతున్నట్టు నటిస్తాడు.
అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆగి నవ్వుతాడు.
ఫోను మోగితే సిగరెట్టుకని బయటికి వెళతాడు.
రొట్టెల కొట్లో ఏమడిగినా 'రెండు' అంటాడు.
మా ఇంట్లో ఎప్పుడూ రెండు రొట్టెలు.
(ఇక్కడ నవ్వాలో లేదో నాకు తెలియదు.)"

నేను దిగాల్సిన చోటు ఎప్పుడో దాటిపోయింది.

క్షౌరం గదిలో తీశాం, తుల్లియో ఫోనుతో.
అద్దాల్లో కెమెరా కనపడకుండా తువ్వాళ్ళు కప్పాం.
తండ్రి వేషం ముకెందిది.
ఆలస్యంగా నవ్వడం అంత కష్టమనుకోలేదు ఎవరూ.
పదకొండు సార్లు తీశాం.
ఒకసారి ముందే నవ్వేస్తాడు, ఒకసారి మరీ జాగు చేస్తాడు.
"అంకెలు లెక్కపెట్టకు," అంది గుల్దెన్ చివరికి,
"మా ముఖాలు వెతుకు."
వెతికాడు.
ఆ తర్వాత "అయితే" అనలేదు వాడు.

తల్లిదండ్రుల సాయంత్రం.
మొదట పాత సినిమా, మూగదిగానే
(స్పీకరు బాగుచేయించడం వచ్చే నెల అంది ఆఫీసు).
మూడో వరసలో హిక్మెత్, గుల్దెన్ వాళ్ళ నాన్న,
కోటు విప్పకుండా, పారిపోవడానికి సిద్ధంగా.

అల్లుడు వంగాడు. పెదాలు కదిలాయి.
హిక్మెత్ ఫక్కున నవ్వాడు.
ఒక్కడే. అందరికన్నా ముందు.

హాలు మొత్తం వెనక్కి తిరిగింది.
గుల్దెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
ఆ మిల్లు హోరులో ఎవరి చెవీ పనిచేసేది కాదట;
ఈ దేశపు భాష ఆయన కళ్ళతో నేర్చుకున్నాడు.
గొంతు ఎంత పెద్దదో తెలియని మనిషి కదా,
సభంతా దద్దరిల్లేలా చెప్పాడు:
"వాడు మామని ఏమీ అడగట్లేదు!
పంట్లాం జారుతోంది, తొందరగా కానివ్వండి, అంటున్నాడు!"

మాటలు తర్వాత అతికించుకున్న కాలం నాటి సినిమా.
అరవై ఏళ్ళుగా ఎవరి చెవినా పడని ఆ మాట
మూడో వరసలో దొరికిపోయింది.

హాలంతా నవ్వింది,
ఒక్క క్షణం ఆలస్యంగా.

తర్వాత పిల్లల సినిమా మొదలైంది.
హిక్మెత్ కోటు విప్పి, మడిచి,
ఒళ్ళో పెట్టుకున్నాడు.