ప్రొవిజనల్

ఉత్తరం మార్చిలో వచ్చింది.
హైదరాబాదు యూనివర్సిటీ, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్,
నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా.
అమ్మ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి
ఇస్కపల్లి మొత్తం తిప్పుకొచ్చింది.

అందరూ చదివారు.
ఒక్క మాట దగ్గర మాత్రం ఎవరూ ఆగలేదు.
కొట్టు మస్తానయ్య ఆగాడు గానీ,
"ప్రొవిజనల్ అని ఉండాదే,
అంటే సరుకులు కూడా వాళ్లే ఇస్తారామే?" అన్నాడు.
అమ్మ ఇస్తారనే చెప్పింది.
నేను నవ్వాను. అప్పుడు నవ్వొచ్చింది.

కింద చిన్న అక్షరాల్లో ఉంది:
డిగ్రీ మొత్తం మీద అరవై శాతం,
తగ్గితే ఈ సీటు రద్దు.
నాకు తగ్గుతుందా, అనుకున్నాను.
ఆ రోజు నుంచి పుస్తకం తెరిస్తే ఒట్టు.
కావలి బస్సులో జైబున్ నోట్సు వల్లె వేస్తుంటే
నేను కిటికీలోంచి ఉప్పు మడులు చూశాను,
హాస్టల్ గదికి ఏ రంగు దుప్పటి కొనాలా అని.

ఎవరి మీదా నెపం వెయ్యడానికి లేదు.
జ్వరం రాలేదు, బస్సు తప్పిపోలేదు,
పేపరు కష్టంగా కూడా లేదు.
నాలుగో ప్రశ్న దగ్గర
తెలిసిన మనిషి పేరు మర్చిపోయినట్టు
చూస్తూ కూర్చున్నాను, అంతే.

ఇప్పుడు జూన్. ఫలితాలు ఈ రాత్రికే అంటున్నారు.
నాన్న కాపలా కాసే రొయ్యల గుంట గట్టు మీద
అయితేనే టవరు దొరుకుతుంది.
మేత లెక్క రాసే పుస్తకం వెనకట్ట మీద
అయిదు సెమిస్టర్లూ కూడి, భాగించి చూశాను.
ఈ ఒక్కదాంట్లో అరవై ఏడు రావాలి.
మళ్లీ కూడి చూశాను. అరవై ఏడే.
సగటు ఎవరి మొహమూ చూడదని
ఈ ఊళ్లో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

ఏరేటర్లు తెల్లగా నీళ్లు కొడుతున్నాయి.
నాన్న తాడు లాగి చెక్ ట్రే పైకి తీశాడు.
మేత కొంచెం మిగిలింది.
ఒక రొయ్యని అరచేతిలోకి తీసుకుని
పేగు నిండుగా ఉందా అని
టార్చి వెలుగుకెత్తి చూశాడు.
నన్నూ ఎవరైనా అట్లా ఎత్తి చూస్తే
మార్చి నుంచి మే దాకా ఖాళీ గీత కనపడుతుంది.

"ఏందిమే, ఫోన్ని అట్లా గుచ్చి చూస్తుండావు?"

చెప్పేశాను. ఆ మాటకి అర్థం చెప్పాను,
అమ్మకి చెప్పనిది, జైబున్‌కి కూడా చెప్పనిది.

నాన్న రొయ్యని నీళ్లలోకి వదిలాడు.
చాలాసేపు ఏరేటర్ల చప్పుడే.
"పోయినేడు ఇదే గుంట, నలభై కౌంటు.
లారీ కూడా మాట్లాడేసినారు.
తెల్లారి పట్టుబడి అనంగా తెల్లమచ్చ.
లారీ ఎక్కేదాకా అంతా నువ్వు చెప్పిన ఆ మాటేలే."
ఓదార్పో, భయపెట్టడమో తెలియలేదు.
ఆయనకీ తెలియలేదనుకుంటా,
బీడీ వెలిగించి వెంటనే ఆర్పేశాడు.

"ఎంత రావాలంటివి?"
"అరవై ఏడు."
"రాసినప్పుడు ఎంత అనిపిచ్చింది?"
అరవై రెండు అనబోయి
అరవై అయిదు అన్నాను.
ఆ మూడు ఎక్కణ్ణుంచి తెచ్చానో.

రెండింటికి సైటు తెరుచుకుంది.
హాల్ టికెట్టు నంబరు కొట్టాను.
చక్రం తిరుగుతోంది.
అప్పుడే కరెంటు పోయింది.

ఏరేటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతే
అంత రాత్రీ చెవిలో పడింది.
"జనరేటరు! పరిగెత్తు!"
గాలి అందకపోతే అరగంట, అంతే వాటికి.

ఫోను మేత బస్తా మీద వదిలేసి పరిగెత్తాను.
నాన్న హ్యాండిల్ తిప్పుతుంటే
చెయ్యి వణక్కుండా టార్చి పట్టుకున్నాను.
మూడోసారికి అందుకుంది.
ముందు ఒక ఏరేటరు, కాసేపటికి ఇంకోటి.
వెనక, గట్టు మీద, బస్తా మీద
చిన్న వెలుగొకటి ఇంకా ఆరలేదు.

"ఆ చివరి దానికి బెల్టు జారింది, పట్టుకోమే," అన్నాడు నాన్న.
పట్టుకున్నాను.